అక్క తినే బిస్కెట్

పోయిన నెల మా తమ్ముడి కూతురు హారిక ఖమ్మంలో మా ఇంటికి వచ్చింది. రాగానే సంచిలోంచి ఆరు రకాల క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్లు తీసి బల్ల మీద వరసగా పేర్చింది. "అత్తా, చాయ్ పెట్టు. ఇయ్యాల నువ్వు జడ్జివి" అంది. టీలోకి ఏ క్రీమ్ బిస్కెట్ బాగుంటుందో ఇంట్లో పెద్దవాళ్ళ చేత చెప్పించి, ఫోన్లో తీసి, దాన్ని స్నేహితులందరికీ చూపిస్తుందట. నవ్వొచ్చింది. సరేనని అల్లం వేసి టీ పెట్టి కూర్చున్నాను. "కండ్లు మూసుకో అత్తా. రంగు చూస్తే అందరు ముందే ఫిక్స్ అయితరు" అంది. మూసుకున్నాను. చాక్లెట్‌ది తిన్నాను, ఏలకులది తిన్నాను, ఇంకేదో కొత్త రకం తిన్నాను. నాలుగోది చేతిలో పెట్టగానే, నోటి దాకా రాకముందే, అనాసపండు వాసన వచ్చింది. ఆ తర్వాత నేను చేసిన పని నేను అనుకుని చేసింది కాదు. వేళ్ళు వాటంతటవే బిస్కెట్‌ను మెలితిప్పి రెండు పలకలుగా విడదీశాయి. క్రీమ్‌ను కింది పళ్ళతో గీకి తిని, బోడి పలకలు రెండూ మళ్ళీ కలిపి టీలో ముంచాను. "అత్తా, చిన్నపిల్ల లెక్క తింటున్నవు. నీకు గిదే ఇష్టమా?" అని హారిక అడిగింది. కళ్ళు తెరిచాను. అది రెండోసారి అడిగింది. షుగర్ పెరుగుతుందే, ఇక చాలు అని లేచి వంటింట్లోకి పోయాను.

ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. దాని తప్పేమీ లేదు. నాకు ముందు తనకు ఇంకో అత్త ఉండేదని దానికి తెలియదు. వాళ్ళ నాన్నకే సరిగ్గా తెలియదు, వాడు ఆమె పోయిన మూడేళ్ళకు పుట్టాడు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అమ్మ కూడా పోయింది కాబట్టి ఇప్పుడు ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

నాన్న పెళ్ళికి ముందే కృష్ణ ఒడ్డు నుంచి నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చి, బూర్గంపాడుకు అవతల అడవి మొదలయ్యే చోట భూమి తీసుకున్నాడు. మిరప, పొగాకు వేసేవాడు. ఇంటి వెనక పొగాకు ఆకు కాల్చే బ్యారన్ ఉండేది. ఆకు లేని కాలంలో కూడా ఆ గోడల్లోంచి తీపీ ఘాటూ కలిసిన వాసన వస్తూనే ఉండేది. మా బట్టలకూ జుట్టుకూ అదే వాసన. చేను అయిపోయిన గట్టు దగ్గరే టేకు చెట్లు. వాటి వెనక ఏముందో మేం చూసింది లేదు. ఎండాకాలం ముందు ఇప్పపూలు ఏరుకునేవాళ్ళు మాకు అర్థం కాని భాషలో మాట్లాడుకుంటూ పోవడం వినపడేది, మనుషులు కనపడేవాళ్ళు కాదు. మధ్యాహ్నం తిరిగిందంటే చాలు, ఆ చెట్ల నీడ గట్టు దిగి, చేను మీదుగా మెల్లగా ఇంటి వైపు వచ్చేది. మా ఇంట్లో గడియారం ఉన్నా దాన్నెవరూ చూసేవాళ్ళు కాదు. నీడ అరుగు అంచును తాకితే టీ వేళ. బయట ఊళ్ళలో ఇంకా ఎండ కాస్తున్నా మా అరుగు మీద మాత్రం అప్పటికే సాయంత్రం.

ఆ టీ వేళకు నాయనమ్మ పెద్ద. ఆమె కళ్ళకు పొరలు వచ్చి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. చెవీ ముక్కూ మాత్రం మా అందరివీ కలిపినా ఆమెకు సరిపోవు. సోమవారం సోమవారం బూర్గంపాడు నుంచి మస్తాన్ సాబ్ సైకిల్‌కు రెండు రేకు డబ్బాలు కట్టుకుని వచ్చేవాడు. చుట్టుపక్కల దుకాణాలకు బిస్కెట్లు వేసి చివరికి మా అరుగు మీద కూర్చుని టీ తాగి పోవడం ఆయన అలవాటు. కొత్త రకం ఏది వచ్చినా ముందు నాయనమ్మ చేతిలో పెట్టేవాడు. "అమ్మా, ఇది ఏలకులది, కొత్తగ దించిండ్రు. మీరు జర చూసి చెప్పుండ్రి, తర్వాతనే దుకాన్లకు ఏస్త" అనేవాడు. నాయనమ్మ బిస్కెట్‌ను చెవి దగ్గర పెట్టుకుని మెలితిప్పేది. టిక్ మని విడిపోవాలి, పొడి రాలకూడదు, క్రీమ్ అంతా ఒక పలకకే అంటుకుని రావాలి. తర్వాత టీలో ముంచి రామ రామ రామ అని మూడుసార్లు అనుకునేది. ఆ లోపల విరిగి గ్లాసులో పడిపోతే ఆ రకం తప్పినట్టే. అన్నీ అయ్యాక గ్లాసు అడుగున మిగిలిన గుక్క తాగి, అందులో ఇంకా బిస్కెట్ వాసన ఉందో లేదో చూసేది. "ఇది మర్యాదస్తురాలు మస్తానూ, తీసుకో" అనో, "ఇది మూణ్ణాళ్ళ ముచ్చట, వద్దు" అనో తేల్చేది. ఆయన తలూపి అలాగే చేసేవాడు.

నాయనమ్మ తర్వాత మమ్మల్ని అడిగేది. మా అక్క కుసుమకు అప్పుడు పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది. అక్క మాట కోసం ఎవరూ ఆగనక్కర్లేదు. పైనాపిల్‌ది, అని ముందే చేయి చాపేది. ఎప్పుడడిగినా అదే. దాన్ని మెలితిప్పడం, కింది పళ్ళతో క్రీమ్ గీకడం, బోడి పలకలు కలిపి ముంచడం, అంతా ఒక వరస. నాకు ఆ వాసనే పడేది కాదు, దగ్గు మందులా ఉండేది. అలాగని నాకేది ఇష్టమో నాకు తెలిసేదీ కాదు. ఆరెంజ్‌ది చూసేదాన్ని, ఏలకులది చూసేదాన్ని, ఇది తీసుకుంటే అది పోతుందేమోనని మళ్ళీ మొదటికొచ్చేదాన్ని. టీ మీద మీగడ కట్టేది. "దీనికి పెళ్ళిచూపులు పెడితే పెళ్ళికొడుకులు ముసలాళ్ళయిపోతారు" అని నాయనమ్మ నవ్వేది. చివరికి ఏది దగ్గరుంటే అది తినేదాన్ని. అమ్మ నా వైపు చూసేది కాదు, అక్కను చూస్తూ ఉండేది. అక్క అంటే అమ్మకు ప్రాణం. నేనంటే ఇష్టం లేదని కాదు. పక్కపక్కనే రెండు దీపాలుంటే పెద్దదాని వెలుగులోనే పని చేసుకుంటాం కదా, అంతే.

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. అక్కకు ముందు వణుకు జ్వరం వచ్చింది. రెండు రోజులకు నాకూ వచ్చింది. నాన్న జీపు మాట్లాడి గోదావరి వంతెన దాటించి మమ్మల్ని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. మలేరియా మెదడుకెక్కిందన్నారు. ఇద్దరినీ వేరు చేయవద్దని అమ్మ బతిమాలితే ఒకే మంచం మీద పడుకోబెట్టారు. నాకు గుర్తున్న ఆఖరి సంగతి, అక్క ఊపిరి నా మెడ మీద వేడిగా తగలడం. అది నా చెవిలో ఏదో చెబుతోంది. చిన్న మాట కాదు, చాలాసేపు చెప్పింది. అందులో ఒక్క ముక్క కూడా నాకు నిలవలేదు. అక్కడి నుంచి ఏమీ లేదు.

కళ్ళు తెరిచేసరికి మంచం వెడల్పుగా ఉంది. నర్సమ్మ వంగి చూస్తోంది. "లేసినవా బిడ్డా. ఏంది నీ పేరు?" అని అడిగింది. నోరు తెరిచాను. పేరు రాలేదు. మంచం కాళ్ళ వైపు అమ్మ నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెప్ప కొట్టకుండా నన్నే చూస్తోంది. నేను చెప్పబోయే పేరు కోసం చూస్తోందని నాకు అప్పుడే ఎందుకో అనిపించింది. "ఏం కాదమ్మా. జ్వరం తలకెక్కింది గదా, నిమ్మలంగ యాదికొస్తది" అని నర్సమ్మ అమ్మతో అంది. కొన్నాళ్ళకు ఇంటికి తీసుకొచ్చారు. అక్క ఏదని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. పిల్లలకు తెలిసిపోతుంది, అదొకటి. కానీ నేను అడగకపోవడాన్ని అమ్మ ఇంకో రకంగా అర్థం చేసుకుంది. పక్కనే ఉన్న మనిషిని గురించి ఎవరూ ఎక్కడని అడగరు కదా.

ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం నన్ను దుప్పటి కప్పి అరుగు మీద కూర్చోబెట్టారు. నీడ వచ్చింది. అమ్మ టీ తెచ్చింది. పళ్ళెంలో అలవాటు కొద్దీ నాలుగు రకాలూ ఉన్నాయి. నేను చేయి చాపి పైనాపిల్‌ది తీశాను. తీస్తున్నప్పుడు నాకేమీ తోచలేదు, ఆకలి తప్ప. మెలితిప్పాను. టిక్ మంది. కింది పళ్ళతో గీకడం మొదలుపెట్టాను. గోడవార మంచం మీదున్న నాయనమ్మ, "నిదానంగా తినవే కుసుమా" అంది. అని, చేత్తో నోరు మూసుకుంది. నాన్న గ్లాసు కింద పెట్టాడు. అమ్మ మెల్లగా నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నేను పలకలు రెండూ కలిపి టీలో ముంచేదాకా చూసింది. మర్నాడు నా పళ్ళెంలో పైనాపిల్‌వి తప్ప వేరేవి లేవు.

అమ్మ ఒక్కొక్కటే మారుస్తూ వచ్చింది. నా కంచం అటక ఎక్కింది, అక్క కంచంలో అన్నం పెట్టేది. నాకు మధ్య పాపిడి ఉండేది, అక్కలాగా పక్క పాపిడి తీసింది. అక్క గౌన్ల అంచులు మడిచి కుట్టి తొడిగింది. ఒకరోజు జడ వేస్తూ ఉన్నట్టుండి, "వేసవిలో చెవి కమ్మ పారేసుకున్నావే, ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. అది అక్క పారేసుకున్న కమ్మ. అక్క ఎంత వెతికినా దొరకలేదు. "తవుడు డబ్బాలో" అన్నాను. అమ్మ లేచి వెళ్ళి డబ్బా కింద బోర్లించింది. కమ్మ తవుట్లోంచి జారి నేల మీద దొర్లింది. బర్రెకు తవుడు తీసేటప్పుడు అక్క చెవిలోంచి అది జారడం నేను చూసి మరిచిపోయి ఉంటాను. అలాగే అయ్యుండాలి. ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా, చూసినట్టు మాత్రం ఈ రోజుకీ గుర్తు రాదు. అమ్మ ఆ కమ్మను కడిగి నా చెవికి పెట్టింది. ఆ రోజు మొదటిసారి నన్ను కుసుమా అని పిలిచింది. నేను పలికాను.

అబద్ధం చెప్పకూడదు, నాకది బాగుంది. అమ్మ చేయి అంతసేపు నా తల మీద ఎప్పుడూ ఉండలేదు. మొదట్లో ఆ బిస్కెట్ వాసన పడకపోయినా అమ్మ ముఖం చూస్తూ మింగేదాన్ని. నెల తిరిగేసరికి మింగనక్కర్లేకపోయింది. నీడ గట్టు దిగుతుంటే నోట్లో నీళ్ళూరేవి. భయం కూడా అప్పుడే మొదలైంది. తింటున్నది ఎవరో నాకు తెలియకుండా పోయేది. అద్దం ముందు నిలబడితే పక్క పాపిడి పిల్ల కనపడేది, ఆ పిల్లను చూసి నాకు అక్క మీద బెంగ వచ్చేది. ఆ బెంగ ఎవరికొచ్చిందా అని ఆలోచిస్తే తల తిరిగేది. ఎవరితోనూ చెప్పలేదు. నాన్న పొద్దున పొలానికి పోతే మధ్యాహ్నానికి కూడా వచ్చేవాడు కాదు. ఇంట్లో ఉన్నా నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. ఏమ్మా అనేవాడు, ఇటు రా అనేవాడు. పాపం ఏ పేరుతో పిలవాలో ఆయనకూ తెలియలేదు.

బడిలో పరీక్షలు పెట్టారు. ఒక సాయంత్రం మా టీచర్ ఇంటికి వచ్చి అరుగు అంచున నిలబడ్డాడు. "అమ్మా, పాప అన్ని పేపర్ల మీద పేరు తప్పు రాసింది. కుసుమ అని రాసింది. నేనేం కొట్టలే. జర మీరు చూస్కోండి" అన్నాడు. అమ్మ ఆయనకు టీ గ్లాసు అందిస్తూ, "తప్పేం రాయలేదండీ" అంది, మామూలుగానే. ఆయన అమ్మను చూశాడు, నన్ను చూశాడు. టీ ముట్టకుండా గ్లాసు అరుగు మీద పెట్టి, వస్తానమ్మా అని వెళ్ళిపోయాడు. దారి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే పోయాడు.

ఆ తర్వాత వారం వేంసూరు నుంచి అమ్మకు వరసకు పిన్ని అయ్యే ఆవిడ పరామర్శకు వచ్చింది. వాగులు పొంగి దారుల్లేక అప్పటికి గానీ రాలేకపోయిందట. మమ్మల్ని పసిపిల్లలుగా చూసిందే తప్ప తర్వాత చూసింది లేదు. అమ్మ చేతులు పట్టుకుని కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అడిగింది. "మాకు కబురు సగమే అందింది తల్లీ. పోయింది పెద్దదా, చిన్నదా?"

నేను అప్పుడే వంటింట్లోంచి టీ తెస్తున్నాను. గడప మీద ఆగిపోయాను.

"చిన్నది పిన్నీ" అంది అమ్మ.

ఆ గొంతులో తడబాటు లేదు. అమ్మ నా వైపు చూడనైనా లేదు. ఆ పెద్దావిడ నిట్టూర్చి, నన్ను దగ్గరకు లాక్కుని బుగ్గలు నిమిరింది. "కుసుమా, ఇంక మీ అమ్మకు అన్నీ నువ్వే. చెల్లెల్ని తలచుకుని దిగులు పడకు" అంది. "అలాగే అమ్మమ్మా" అన్నాను. అంటుంటే నా చేతుల్లో పళ్ళెం కదలను కూడా లేదు. అందరూ కూర్చుని నేను పోయినందుకు బాధపడుతుంటే, నేనే వాళ్ళకు టీ ఇచ్చాను. ఆవిడ పళ్ళెంలోంచి ఆరెంజ్ బిస్కెట్ తీసుకుని, "చిన్నదానికి ఏది ఇష్టంగా ఉండేది?" అని అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించింది. "దానికి ప్రత్యేకించి ఏదీ లేదు" అంది.

నాయనమ్మ గోడవార మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాం. పెద్దావిడ బస్సుకు వెళ్ళిపోయాక కూడా లేవలేదు.

సోమవారం మస్తాన్ సాబ్ వచ్చాడు. నాయనమ్మ ఆయన సైకిల్ చప్పుడు వినగానే లేచి కూర్చుని, చేనుకు మనిషిని పంపి నాన్నను పిలిపించింది. అమ్మను పొయ్యి ఆర్పేసి వచ్చి ఎదురుగా కూర్చోమంది. "మస్తానూ, నీ డబ్బాల్లో ఎన్ని రకాలుంటే అన్నీ తియ్యి" అంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన తువ్వాలు నా కళ్ళకు కట్టింది. "నాకెట్లాగూ కనపడదు. దీనికీ కనపడకూడదు. ఎవరూ నోరెత్తకండి. తిని ఇదే చెబుతుంది."

తువ్వాలంతా కుంకుడుకాయ వాసన. చీకట్లో ఒక్కొక్క బిస్కెట్ నా చేతిలో పడుతోంది, గ్లాసు నా మోకాలికి తగులుతోంది. చాక్లెట్‌ది. "ఎట్లా ఉంది?" బాగుంది అన్నాను. ఏలకులది. బాగుంది. ఆరెంజ్‌ది. బాగుంది. తర్వాతది చేతిలో పడకముందే తెలిసిపోయింది. వేళ్ళు మెలితిప్పాయి. టిక్ మంది. ఎదురుగా అమ్మ ఊపిరి ఆగడం వినపడింది. కళ్ళకు గంతలు కట్టినా అమ్మ ఎక్కడ కూర్చుందో, ఎంత ముందుకు వంగిందో నాకు తెలుస్తూనే ఉంది.

"నీకు ఇష్టమైంది ఇదేనా?" అంది నాయనమ్మ.

అవును అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరే ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేను కాదన్నట్టు, నాకంటే తొందరగా, తయారుగా ఉంది. నేను దాన్ని బయటికి రానివ్వలేదు. పళ్ళు బిగించి, దాని వెనక నాది ఇంకేదైనా ఉందేమోనని వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. ఆరెంజ్‌ది తలచుకున్నాను, ఏలకులది తలచుకున్నాను, మళ్ళీ మొదటికొచ్చాను.

"తెలీట్లేదు నాయనమ్మా" అన్నాను.

"ఇంకోటి తిను."

తిన్నాను. మళ్ళీ అన్నీ తిన్నాను. గ్లాసు చల్లబడిపోయింది. మీగడ పెదవికి అంటుకుంటోంది. నాన్న గొంతు సవరించుకున్నాడు, నాయనమ్మ ఆగమంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. "నాకు తెలీట్లేదు. నాకు నిజంగా తెలీట్లేదు" అని ఏడుపు మొదలుపెట్టాను.

నాయనమ్మ తువ్వాలు విప్పింది. నీడ అప్పటికే అరుగు దాటి ఇంట్లోకి వెళ్ళిపోయింది. "విన్నావా రత్నం" అంది అమ్మతో. "కుసుమ అయితే ఈ పాటికి రెండోది నమిలి మూడోదానికి చెయ్యి చాపేది. టీ చల్లారిపోయినా తేల్చుకోలేని పిల్ల మన ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇది భారతి. మనకు మిగిలింది భారతి. నా మాట విను, దీన్ని కూడా పంపించెయ్యకు."

అమ్మ నా వైపు చూసింది. దవాఖానాలో నేను కళ్ళు తెరిచినప్పటి నుంచి నన్నే చూస్తున్న మనిషి, నన్ను ఆ రోజే చూసినట్టు చూసింది. తర్వాత ఒక చప్పుడు వచ్చింది. అమ్మ నోట్లోంచి వచ్చిందని ముందు నాకు తెలియలేదు, చెట్ల వైపు తిరిగి చూశాను. అక్క పోయిన నాటి నుంచి అమ్మ ఏడవలేదట, ఆ సంగతి నాకు తర్వాత నాన్న చెప్పాడు. నాన్న వెళ్ళి పక్కన కూర్చుని భుజం పట్టుకున్నాడు. మస్తాన్ సాబ్ బిస్కెట్లు చప్పుడు కాకుండా డబ్బాల్లో సర్దుకుంటూ, "ఏడ్వనియ్యుండ్రి సార్. చానా దినాల సంది ఆగింది" అన్నాడు. సైకిల్ దాకా పోయి, వెనక్కి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టాడు. "పోయొస్త భారతమ్మా" అన్నాడు. ఆయన నన్ను అంతకుముందు ఎప్పుడూ పేరు పెట్టి పిలిచినట్టు గుర్తు లేదు.

మర్నాడు అటక మీంచి నా కంచం దిగింది. అమ్మ మధ్య పాపిడి తీసింది. చెవి కమ్మ తీసి ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు. క్రీమ్ బిస్కెట్లు మా ఇంటికి రావడం ఆగిపోయింది. సాయంత్రాలు పేలాలో, అటుకులో వేయించేది. నాయనమ్మకు చెప్పడానికి తీర్పులు లేకుండా పోయాయి. మస్తాన్ సాబ్ వస్తే ఇద్దరూ వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

తర్వాత తమ్ముడు పుట్టాడు, నాయనమ్మ పోయింది, మేం ఖమ్మం వచ్చేశాం. నేను టీచర్‌నై దుమ్ముగూడెం వైపు ఊళ్ళలో చాలా ఏళ్ళు పనిచేశాను. వానాకాలం బడికి ఆశా కార్యకర్త వచ్చి, పిల్లల వేలు గుచ్చి, పావుగంటలో జ్వరం ఏదో చెప్పి మాత్రలిచ్చి పోతుంటే ఆ మాత్రల పొట్లం వైపే చూస్తూ నిలబడేదాన్ని. మా కాలానికి అది వచ్చి ఉంటే అక్కకు ఇప్పుడు మనవలుండేవాళ్ళు. మొన్న ఆ దారిన పోతూ కారు ఆపించాను. టేకు చెట్లు చాలా వెనక్కి జరిగిపోయాయి, మా అరుగు ఉన్న చోట ఎవరో కంకర గుట్ట పోశారు. సాయంత్రం దాకా ఎండే. ఇప్పటి పిల్లలు నాకు ఇది ఇష్టం, అది ఇష్టం లేదు అని ఎంత తేలిగ్గా చెబుతారో చూస్తే ముచ్చటేస్తుంది. మా ఇంట్లో ఒక మనిషి ఇష్టమంటే ఆ మనిషే. అలాంటి అక్క ఇష్టాన్ని తెలియక ముట్టుకున్నాను. హారికకు జవాబు చెప్పలేకపోయింది అందుకే. నాయనమ్మ కళ్ళకు గంతలు కట్టిన ఆ రోజు మొదలు ఇప్పటికీ నాకు ఏది ఇష్టమో తేల్చి చెప్పడానికి నోరు రాదు, చీర కొనేటప్పుడు కూడా పక్కవాళ్ళనే అడుగుతాను. నాయనమ్మ ఆ తెలియకపోవడమే నేనని చెప్పింది. దాన్ని పోగొట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదేమో.

అమ్మ చివరి మూడేళ్ళూ నా దగ్గరే ఉంది. మతిమరుపు ముదిరి మనుషులు ఒక్కొక్కరే జారిపోయారు. తమ్ముణ్ణి మీరెవరండీ అనేది. నన్ను చూసి ఎప్పుడు ఏ పేరు పెట్టి పిలుస్తుందోనని, అరవయ్యేళ్ళు వచ్చినదాన్ని, తొమ్మిదేళ్ళ పిల్లలా భయపడుతూ ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం దిండుకు ఆనుకుని కూర్చుని, "కుసుమేది?" అంది. యాభై ఏళ్ళ తర్వాత ఆ పేరు ఆ నోట వినడం అదే మొదటిసారి. నేను బట్టలు మడతపెడుతున్నాను. ఆ క్షణంలో నాకనిపించింది, ఇంక ఎన్నాళ్ళుంటుంది అమ్మ, ఈ ఒక్క సుఖం ఇస్తే నాకు పోయేదేముంది అని. దగ్గరకు వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. "ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాను.

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. చెయ్యెత్తి నా చెంప మీద ఆనించింది. "నువ్వు భారతివి" అంది. "నా బిడ్డను నేను పోల్చుకోలేనా. వెళ్ళి అక్కను పిలువు."

లేచి బయటి వరండాలోకి వెళ్ళాను. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, ఎదురింట్లో ఎవరో కుక్కర్ దించుతున్నారు. పెదవులు తడుపుకుని, "అక్కా" అని పిలిచాను. గట్టిగానే పిలిచాను. కింద కూరగాయలు ఏరుతున్న అమ్మాయి తలెత్తి చూసింది. కొంచెంసేపు ఆగాను. అలా ఆగడం ఎందుకో నాకు తెలియదు. తర్వాత లోపలికి వచ్చాను.

"వస్తోందా?" అంది అమ్మ.

"వస్తోందమ్మా."

అమ్మ తలూపి, కొంగు సవరించుకుని, గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను. దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరం అటే చూస్తూ ఉన్నాం.